అతుక్కునే రైక

మా పెద్దవ్వ ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తిట్టడం చేతగాని మనిషేం కాదు. మిల్లు కాలనీ నల్లా దగ్గర ఆమె నోరు విప్పితే బిందెలు వాటంతట అవే వరుసలోకి వచ్చేవి. అలాంటి మనిషి నా విషయంలో మాత్రం నోటికి కుట్టు వేసుకుంది. తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని. తిట్టలేదు కాబట్టి, పోయినేడు జరిగింది ఇప్పటికీ పొద్దున నాకంటే ముందే లేచి కూర్చుంటోంది.

పెద్దవ్వ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. కాగజ్‌నగర్‌లో ఉంటుంది. ఆమె భర్త పెద్దబాపు కాగితం మిల్లులో పనిచేసేవాడు, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మిల్లు మూతబడ్డ కాలంలో ఆ ఇంటిని నడిపింది పెద్దవ్వ కుట్టుమిషనే. కాలనీలో ఆమె కుట్టిన రైక తొడగని ఆడమనిషి ఉండేది కాదు. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా క్వార్టర్ల దగ్గర హైస్కూలు లేదని నన్ను పెద్దవ్వ దగ్గర ఉంచి చదివించారు. నా మొట్టమొదటి రైక ఆమే కుట్టింది. సరిపోయిందో లేదో చూడటానికి తానే హుక్కులు పెడుతుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను. "ఊపిరి పీల్చు, ఇగ ఇడువు," అంటూ ఆమె తన పని తాను చేసుకుపోయింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పాఠాలు జీతం కోసం, ల్యాబు ప్రాణం కోసం. ల్యాబులో నేను చేసేది ఒక్క మాటలో చెప్పాలంటే, అయస్కాంతం చేసే పొడిని మెత్తటి రబ్బరులో కలపడం. ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉండే పట్టీ ఉంటుంది చూడండి, దానికి అక్కచెల్లెలు లాంటిది. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ ఆ పొడికి ఎదుటివాళ్ళతో కలవడం ఇష్టం ఉండదు. రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కట్టి అడుక్కి దిగిపోతాయి. పైన ఉత్త రబ్బరు, కింద ఉత్త పొడి. కలపడం అని పేరే గానీ అసలు పనంతా విడదీయడంలోనే ఉంది. ఏ రేణువుకు ఆ రేణువును విడదీసి, ఒక్కోదాని చుట్టూ రబ్బరు నిలబెట్టాలి.

ఆ కిటుకు నాకు దొరికింది పెద్దవ్వ గట్క కుండలోనే. జొన్నపిండిని నేరుగా మరిగే నీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది. ముందు చన్నీళ్ళలో కలిపి, ఆ తరువాత కుండలో పోస్తూ తిప్పితే కట్టదు. నేనూ పొడిని ముందు పలుచటి నూనెలో తడిపి, తరువాతే రబ్బరులో పోసి తిప్పుతాను. రబ్బరు గట్టిపడ్డాకే తీగచుట్టలో పెట్టి ఒక్క విసురు కరెంటు పంపి అయస్కాంత గుణం ఎక్కిస్తాను. ముందే ఎక్కిస్తే మళ్ళీ గడ్డే. కరెంటు పంపేటప్పుడు గదిలో ఎవరుండాలో ఎవరుండకూడదో నియమాలున్నాయి. 'పేస్‌మేకర్ ఉన్నవారు లోపలికి రాకూడదు' అని ల్యాబు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించి అంటించింది నేనే. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, తరువాత చెప్పాలంటే నోరు రాదు.

పోయినేడు ఎండాకాలంలో జవాబు పత్రాలు దిద్దే డ్యూటీలో ఉండగా మా మరదలు ఫోన్ చేసింది. పెద్దవ్వ కోడలు ఆమె. నాకు తమ్ముడి వరస అయ్యే పెద్దవ్వ కొడుకు మిల్లులోనే పనిచేస్తాడు. హాలంతా గోలగోలగా ఉంది. ఒక చెవి మూసుకుని విన్నాను.

"వదినె, అత్త కండ్లు తిరిగి వాకిట్ల పడ్డది. ఎడమ చెయ్యి మనికట్టు ఇరిగింది. హైదరాబాద్ తీస్కపోయినం. పట్టీ కట్టిండ్రు, బ్యాటరీ గూడ ఏసిండ్రు. ఇగ ఫికర్ లేదు."

పెద్దవ్వకు కొన్నేళ్ళుగా చెవుడు. చెవిలో పెట్టుకునే మిషన్ ఒకటుంది. దాని బ్యాటరీ ఎప్పుడూ అయిపోతూ ఉంటుందని, అది కాగజ్‌నగర్‌లో దొరకదని మా ఇళ్ళల్లో రామాయణమంత గొడవ. బ్యాటరీ అనగానే నా బుర్ర నేరుగా చెవి దగ్గరికి పోయింది.

"పోనీలే," అన్నాను. "ఒక్క తిప్పలతోని రెండు పనులైనయి."

 మరదలు "ఔ వదినె," అని చటుక్కున పెట్టేసింది. అత్త చావు తప్పించుకుని వస్తే ఈమె ఇట్లా అంటుందేమిటని అనుకుని ఉంటుంది. నాకేమో నెట్‌వర్క్ సరిగా లేదనిపించింది.

మా దిక్కు ఎవరైనా దవాఖాన నుంచి ఇంటికి వస్తే చూసి రావాలి. బ్రెడ్డు ప్యాకెట్టో, పండ్లో పట్టుకుని వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, ఎట్లా అయింది, ఎక్కడ అయింది అని మొత్తం మళ్ళీ చెప్పించుకోవాలి. రోగికి విసుగే, కానీ చెప్పించుకోకపోతే ఇంకా విసుగు. మంచం మీది మనిషికి మందుల పేర్లు మరిచిపోతాయేమో గానీ చూడటానికి రాని వాళ్ళ పేర్లు మరిచిపోవు. ఆ సంగతి తెలిసీ నేను వెళ్ళలేదు. మొదట డ్యూటీ అన్నాను. తరువాత ఎండలు మండుతున్నాయన్నాను. తరువాత ల్యాబులో పొడి ఒక దారికి వస్తోంది, ఇప్పుడు వదిలితే పాడవుతుందన్నాను. వెళ్ళి ఆ మంచం పక్కన కూర్చుని ఉంటే, పెద్దవ్వ తన అలవాటు ప్రకారం పైట జరిపి, మెడ ఎముక కింద కుట్లు చూపించి, ఇదిగో ఇక్కడ కోసిండ్రని చెప్పేది. మనిషిని చూడబోవడం ఎందుకు పెట్టారో పెద్దలకు తెలుసు.

వానలు పడ్డాక ఒక పొద్దున మరదలు వీడియో కాల్ చేసింది. నాతో మాట్లాడుతూనే ఫోన్‌ను గూట్లో ఆనించి అత్తకు రైక తొడుగుతోంది. పెద్దవ్వ ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు.

"డాక్టరు లేపొద్దన్నడు వదినె. ఆ భయానికి లేపకలేపక బిగుసుకపోయింది," అంది మరదలు. విరిగిన మణికట్టు కదా అనుకున్నాను. కుడి చేతి బొటనవేలు ఎప్పుడో మిషన్ మీదే వంకర పోయింది, హుక్కు పట్టదు. మరదలు గబగబా హుక్కులు పెడుతోంది. ఆమెకు పొయ్యి మీద కూర ఉంది. పెద్దవ్వ గోడ వైపు చూస్తోంది. కాలనీ మొత్తానికి హుక్కులు, కాజాలు కుట్టిన మనిషి, ఎవరి ఎత్తు ఎంతో చూపుతోనే కొలిచిన మనిషి, చంటిపిల్లలా చేతులు వేలాడదీసి నిలబడి గోడను చూస్తోంది.  చూడటానికి పోలేదన్న తప్పు అప్పటికే లోపల గుచ్చుతోంది. పోనిదానికి బదులు ఏదైనా ఘనంగా చేయాలనిపించింది.

వెల్క్రో పెడితే సరిపోయేది కదా అని ఎవరైనా అడగవచ్చు. నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. టిచ్ బటన్లు కూడా ఉన్నాయి, వాటికి బొటనవేలు బలం కావాలి అని సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, వెల్క్రో బజారులో దొరుకుతుంది, అందులో నా పనితనం ఏం కనబడుతుంది? నేను చేసిన రబ్బరు పట్టీలు రైక అంచుల్లో దాచి కుడితే, దగ్గరికి తెచ్చేసరికి వాటంతట అవే టక్కున అతుక్కుంటాయి. పెద్దవ్వ మురిసిపోవాలి, కాలనీ నోరు వెళ్ళబెట్టాలి. అది నా ఆశ.

ఆ పట్టీల కోసం నేను పడ్డ శ్రమ పరీక్ష కోసం కూడా పడలేదు. పొడిని మళ్ళీ మళ్ళీ జల్లెడ పట్టాను. గాలి బుడగ ఒక్కటి లేకుండా తీశాను. కోసి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా నలుపు ఒకే తీరుగా ఉంది, ఎక్కడా గడ్డ లేదు. చర్మానికి మెత్తగా, పట్టుకు గట్టిగా. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా చేతిలో అంతకంటే మంచి ముక్క తయారు కాలేదు. దాన్ని చూసుకుని మురిసిపోయాను.

మామూలు రైకలా ముందు నడిమిన తెరిస్తే, ఒంటిచేత్తో రెండు అంచులూ కలపడం కష్టం. అందుకని కుడివైపు గుడ్డ ఎదురొమ్ము మీదుగా ఎడమకు వచ్చి, ఎడమ మెడ ఎముక కింద అతుక్కునేలా కుట్టించాను. కుడిచెయ్యి హాయిగా అందే చోటు అదే. అద్దం ముందు నిలబడి నా మీదే కొలత చూసుకుని, పట్టీ రావలసిన చోట సుద్దతో గీత గీశాను. డాక్టర్లు ఆ బ్యాటరీ డబ్బాను ఎక్కడ పెట్టారో తెలిసి గీసినా అంత సరిగ్గా వచ్చేది కాదు.

పెద్దపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. కాగజ్‌నగర్‌లో దిగేసరికి మధ్యాహ్నం అయింది. పెద్దవ్వ గుమ్మంలోనే ఎదురైంది. ఇన్నాళ్ళకు తెలిసిందా తొవ్వ అని అడుగుతుందని బెదురుగా ఉంది. "సన్నబడ్డవేందే," అని మాత్రం అంది. నేను రైక చేతికిచ్చి ఎట్లా తొడుక్కోవాలో చూపించాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"హుక్కు లేదు, కాజ లేదు, గిదేం రైకనే?"

"తొడుక్కోని చూడు పెద్దవ్వా."

లోపలి అర్రలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది. చాలాసేపటి వరకు చప్పుడు లేదు. తరువాత టక్ మన్నది. ఆ వెంటనే ఆమె నవ్వు వినబడింది. విప్పింది, మళ్ళీ టక్. ఇంకా నవ్వు. బయటికి వచ్చేసరికి పైట సర్దుకుని, నిటారుగా, నాకు చిన్నప్పుడు తెలిసిన మనిషిలా ఉంది.

"గిదేం మంత్రం బిడ్డా? దేంతోని అతుకుతాంది?"

"మా ల్యాబు మంత్రం," అన్నాను గొప్పగా. "ఎవలకు చెప్పొద్దు."

అయస్కాంతం అని ఒక్క మాట అని ఉంటే, తమ్ముడికి గుర్తొచ్చేది. దవాఖానలో వాళ్ళకు చెప్పి పంపారట, అయస్కాంతాలు, స్పీకర్లు దగ్గరికి రానీయొద్దని, ఫోన్ ఎద మీద జేబులో పెట్టొద్దని. వాళ్ళు బుద్ధిగా ఇంట్లో పాత స్పీకరు డబ్బా తీసి పక్కింట్లో ఇచ్చేశారు కూడా. గుండెలో మిషన్ అని వాళ్ళు ఒక్క మాట అని ఉంటే నాకు గుర్తొచ్చేది. వాళ్ళు బ్యాటరీ అన్నారు, నేను మంత్రం అన్నాను. ఆ రాత్రి అందరం కలిసి కోడికూర తిన్నాం. నేను పొద్దున్నే మరో రైక కూడా ఇచ్చి, ఒకటి ఉతికితే ఒకటి అని చెప్పి, రైలెక్కి వచ్చేశాను.

కొన్ని వారాల తరువాత మరదలు ఫోన్ చేసింది. గొంతులో పరేషాన్ వినబడింది.

"వదినె, అత్తకు పానం బాగుంటలేదు. పొద్దంత గుండె దడదడ అంటాంది, ఆయాసపడుతాంది. పండుకున్నంక నిమ్మలపడుతాంది. బ్యాటరీ ఏమన్న ఖరాబైందేమో, మల్ల హైదరాబాద్ తీస్కపోవాల్నేమో."

"చెవి మిషన్ దానికి గుండె దడేంది?" అన్నాను.

"చెవిది కాదు వదినె, గుండెది. అప్పుడు ఏపిచ్చినం గద, చిన్న డబ్బ. ఎడమ దిక్కు."

ల్యాబు తలుపు దగ్గర నిలబడి ఉన్నాను నేను. ఎదురుగా నేను రాయించిన బోర్డు. పేస్‌మేకర్ ఉన్నవారు. ఆ మాట మా ఇళ్ళల్లో ఎవరి నోటా నేను వినలేదు.

"రైక విప్పియ్యి," అన్నాను. "ఇప్పుడే. ఫోన్ పెట్టకు, ముందుగాల విప్పియ్యి."

మరదలికి ఏమీ అర్థం కాలేదు. అయినా పరుగెత్తింది. ఫోన్‌లో అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, "ఏందే, ఏమైందే" అని పెద్దవ్వ గొంతు. తరువాత పట్టీలు విడిన చప్పుడు. చీమ చిటుక్కుమన్నంత చిన్నది. నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. రైకలు రెండూ ఇంటి బయట, గోడ అవతల పెట్టమన్నాను. అవి పాములో తేళ్ళో అయినట్టు మరదలు కట్టెతో ఎత్తి పెట్టిందట.

హైదరాబాద్ దవాఖానలో పెద్దవ్వను లోపలికి తీసుకుపోయినప్పుడు నేనూ తమ్ముడూ బయట బల్ల మీద కూర్చున్నాం. నా అంతట నేనే మొత్తం చెప్పాను, ఏం పొడి, ఎంత బలం, ఎక్కడ కుట్టించింది. తమ్ముడు విని, "నీకేం ఎరుక అక్కా," అన్నాడు. వాడిని కొట్టాలనిపించింది. నాకు కాక ఇంకెవరికి ఎరుక? ఆ మొత్తం ఆవరణలో ఆ పొడి గురించి ఎరుక ఉన్నది నా ఒక్కదానికే.

డాక్టరమ్మ బయటికి వచ్చి మిషన్ పాడవలేదంది. ఇలాంటి వాటికి అయస్కాంతం దగ్గరగా వస్తే గుండె చప్పుడు వినడం మానేస్తాయట. గుండె తనంతట తాను కొట్టుకుంటున్నా పట్టించుకోకుండా తమ లెక్కన తాము కొడుతూ పోతాయట. తీసేస్తే మళ్ళీ వింటాయి. కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది, ఈమెకు రాలేదు, అదృష్టం అంది. నేను తల ఊపాను. వినడం మానేస్తుందన్న మాట దగ్గరే ఆగిపోయాను, ఆ తరువాత ఆమె ఏం చెప్పిందో సగం తెలియదు. తమ్ముడు తరువాత మళ్ళీ చెప్పాడు.

వచ్చేటప్పుడు రైల్లో పెద్దవ్వ కిటికీ పక్కన కూర్చుంది. నేను పక్కనే. చాలాసేపు పట్టాలను చూసి, చెవి మిషన్ సర్దుకుని, నెమ్మదిగా అడిగింది.

"గా రైకలు ఏంజేసినవ్?"

"పడేస్త పెద్దవ్వా."

"నాకు రెండో దినమే సమజైంది," అంది. "అది తొడిగితే దడ, ఇడిస్తే నిమ్మలం."

 "మరి చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్తే గుంజుకుంటరు గద." మళ్ళీ కిటికీలోకి చూసింది. "నా రైక నేను తొడుక్కుంటున్న. కోడలు మంచిదే, కాదనను. అయినా పొద్దుగాల లేస్తే నా ఎద మీద ఇంకొకల చెయ్యి. దడదేముంది బిడ్డా, ఓర్సుకోవచ్చు."

ఇదీ నేను మోస్తున్నది. అపాయం తెచ్చి ఇచ్చినందుకు ఒక తప్పు, దాన్ని తిరిగి లాక్కున్నందుకు ఇంకో తప్పు. రెండోదానికి క్షమాపణ ఎలా అడగాలో నాకు తెలియదు. మొదటిదానికే ఎవరూ అడగనివ్వడం లేదు. వెల్క్రో రైక కుట్టించి పంపాను. మూయడం వచ్చింది గానీ ఊడబీకడం ఆ బొటనవేలి వల్ల కాలేదు, పైగా చీర దారాలు పట్టి లాగింది. నైటీలు కొనిచ్చాను. "కాలనీకి రైకలు కుట్టినదాన్ని, సంచి తొడుక్కోని తిర్గుమంటవా?" అని దండెం మీద వేసింది. ఆ రెండు రైకలూ గోడ అవతల నుంచి తెచ్చి నా ల్యాబు సొరుగులో పెట్టాను, పడేయలేదు. తలుపు మీది బోర్డు కింద ఇంకో వరుస రాయించాను: గుండెకు బ్యాటరీ వేయించుకున్నవారు కూడా. ప్రిన్సిపాల్ చూసి, ఇదేం భాష మేడం అన్నారు. మా ఇంటి భాష అన్నాను.

ఇప్పుడు నెలకోసారి కాగజ్‌నగర్ వెళుతున్నాను. మొన్న వెళ్ళినప్పుడు మరదలు పుట్టింటికి పోయి ఉంది. పొద్దున పెద్దవ్వ స్నానం చేసి, చీర భుజాన వేసుకుని, రైక తెచ్చి నా చేతికిచ్చింది. పాత రైక, తాను కుట్టుకున్నదే. నేను చేతులు తొడిగి ముందుకు వచ్చి నిలబడ్డాను. ఎడమ మెడ ఎముక కింద చర్మం కాస్త ఉబ్బి, అగ్గిపెట్టెకంటే చిన్నగా ఆ డబ్బా కనిపిస్తోంది. దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. మొదటి హుక్కు కాజాలో పడలేదు. ఆమె గోడ వైపు చూస్తోంది.

"ఊపిరి పీల్చు పెద్దవ్వా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

పీల్చింది. గోడ మీంచి చూపు తిప్పకుండానే, "చిన్నప్పుడు నేను పెడుతుంటే నువ్వు గూడ గిట్లనే గోడ దిక్కు చూసినవ్," అంది. "అప్పుడు సమజ్ కాలే. జల్ది పెట్టు బిడ్డా."

నేను ఒకదాని తరువాత ఒకటి హుక్కులు పెట్టాను.